పోయిన చోట దీపం

గోదారి ఒడ్డున ఆ ఊరి పేరు చెప్పను గానీ, పుష్కరాలొస్తున్నాయని రేవులో కనిపించిన దిక్కులేనివాళ్లందర్నీ వ్యానెక్కించి, పాత ఎరువుల గోడౌన్లో పెట్టి బయట గొళ్లెం వేశారు మునిసిపాలిటీ వాళ్లు. నేరమా? ఏమీ లేదు. ఊరు శుభ్రంగా కనపడాలట! అందులో అప్పాయమ్మ అసలు అడుక్కునే మనిషే కాదు. ఎండుచేపలమ్ముకుని, పడవ కోసం చూస్తూ మెట్ల మీద కునుకు తీస్తోంది పాపం.

వారం తిరక్కుండానే పెద్ద వాన. మురుగుకాలవ పొంగి గోడౌన్లోకొచ్చింది. తలుపు తీసేసరికి మిగతావాళ్లు కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతున్నారు. ముసలి ప్రాణం, అప్పాయమ్మకు ఆ ఓపిక లేకపోయింది. నీళ్లలోంచి తీసి ఆసుపత్రి వ్యానెక్కించారు.

కూతురు వీరదుర్గ కోర్టుకెక్కింది. గోడౌన్లోనే పోతే పూచీ మునిసిపాలిటీది. ఆసుపత్రి వ్యాన్లో పోతే ముసలితనానిది. ఆ గోడౌను బాగోగులు చూడాల్సిన ఇంజినీరు ఉదయ్‌కుమార్ వ్యాన్లోనే పోయిందన్నాడు. నిజం చెబితే ముందు ఊడేది తన ఉద్యోగమే మరి.

"బాబుగారూ, అమ్మ పోయిన చోట దీపం పెట్టి గ్లాసుడు నీళ్లుంచుకుంటానండి. లేకపోతే చీకట్లో తిరుగుతాదండి" అని బతిమాలింది వీరదుర్గ.

దీపం పెట్టనిస్తే అక్కడే పోయిందని ఒప్పుకున్నట్టేగా! "అయితే వెళ్లి వ్యాన్లో పెట్టుకో" అన్నాడు ఉదయ్‌కుమార్. ఎంత మాట!

రేపు జడ్జిగారు చూడ్డానికి వస్తారనగా, సందె వేళ, నీటి మరకలు కనపడకుండా కొట్టించిన సున్నం ఆరిందో లేదోనని ఒక్కడే గోడౌన్లోకి వెళ్లాడు. కొత్త సున్నం వాసన. దాని అడుగున మురుగు వాసన. ఇంకా అడుగున ఎండుచేపల వాసన. బయట చినుకులు మొదలయ్యాయి. కరెంటు పోయింది.

గోడ తడిమాడు. ఆరింది. మళ్లీ తడిమాడు. మోకాలి ఎత్తున తడి... నడుం ఎత్తున తడి... పైకి పాకుతోంది.

వెనక గొళ్లెం పడింది.

"ఎవరది?"

చెవి పక్కనే, చల్లగా...

"చీకటిగా ఉంది బాబూ... దీపమేదీ?"

నేల పొడిగానే ఉంది. నీళ్లు మాత్రం అతని గొంతులోకొస్తున్నాయి. ఊపిరాడటం లేదు.

"ఇక్కడే పోయావమ్మా! ఇక్కడే! రేపు చెబుతాను... దీపం పెట్టిస్తాను..."

తలుపు తెరుచుకుంది.

తెల్లారి గోడలు మల్లెపూవులా ఉన్నాయి. ఎండ కాస్తోంది. "ఆవిడ ఎక్కడ చనిపోయింది?" అని అడిగారు జడ్జిగారు. వీరదుర్గ రెప్ప వేయకుండా అతని నోటి వంకే చూస్తోంది. ఎండలో నిలబడ్డవాడికి నిన్నటి భయం ఎంతసేపు గుర్తుంటుంది చెప్పండి?

"వ్యాన్లోనండి" అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చాడు. వాళ్లది మూడో అంతస్తు. భార్య రాణి గుమ్మంలోనే ఎదురైంది.

"ఏమండీ, మీరు పడుకునే వైపు ఆ దీపం ఎవరు పెట్టారండీ? పక్కన నీళ్ల గ్లాసు కూడా ఉంది!"

పడకగదిలోకి పరుగెత్తాడు. మంచం పక్కన, నేల మీద ప్రమిద వెలుగుతోంది. గ్లాసులో నీళ్లు సగానికి తగ్గి ఉన్నాయి... ఎండుచేపల వాసన...

వెనక తలుపు మూసుకుని గొళ్లెం పడిన చప్పుడైంది.

"రాణీ! గొళ్లెం ఎందుకు వేశావ్? తియ్!"

రాణి అవతల నిలబడి తలుపు వంక చూస్తూ ఉండిపోయింది. ఆ తలుపుకి బయట గొళ్లెమన్నదే లేదు.