తెగే ఉంగరం

"టైటానియం," అన్నాను నేను.

"బంగారం," అంది సున్నివా.

కౌంటర్ అవతల గుడ్‌వైగ్ గారు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. మా చేపల ఊరు స్వోల్వర్ రేవులో నలభై ఏళ్ళుగా ఉంగరాలు చేస్తున్న మనిషి. ఆవిడ ముందు జంటలు పోట్లాడుకోవడం కొత్తేమీ కాదు.

"బయటికెళ్ళి తేల్చుకు రండి. వాన పడుతోంది కదా, తొందరగా తేలుతుంది," అన్నారు.

మాలో నిశ్చితార్థానికి ఇద్దరూ ఒకేలాంటి సాదా ఉంగరం పెట్టుకుంటారు, కుడిచేతికి. ఆ రోజు నుంచి మగవాడు కూడా ఒకరికి చెందినవాడని ఊరందరికీ తెలుస్తుంది. అలా తెలియాలనే నా ఆశ. అందుకే గట్టి లోహం అడిగాను. నేను చేపల పడవ మీద పనిచేస్తాను. తాళ్ళు, కొక్కేలు, ఉప్పునీళ్ళ మధ్య బంగారం ఎన్నాళ్ళు నున్నగా ఉంటుంది?

"నీకు మెరుపు కావాలి కాబోలు," అన్నాను చూరు కింద నిలబడి.

"నీకు బుర్ర కావాలి కాబోలు," అంది. నవ్వుతుందేమోనని చూశాను, నవ్వలేదు. "పడవ ఎక్కేటప్పుడు ఉంగరం తీసి ఇంట్లో పెట్టి వెళ్తావా, జోరుండ్?"

"తీయను."

మా పడవలో ఒక పట్టింపు ఉంది. ఉంగరం ఒడ్డున వదిలి వెళ్ళినవాడికి తిరిగొచ్చే ఉద్దేశం లేనట్టేనని మా కెప్టెన్ అంటాడు. నేను దాన్ని నమ్ముతానో లేదో నాకే తెలియదు. కానీ నలుగురి ముందు తీసేంత ధైర్యం మాత్రం లేదు.

సున్నివా చాలాసేపు నా చేతినే చూసింది. "అయితే బంగారమే," అంది. కారణం చెప్పలేదు. మనసిచ్చిన అమ్మాయి మొండికేస్తే ఎవడు మాత్రం ఎంతసేపు నిలబడతాడు? ఒప్పేసుకున్నాను.

పది రోజుల తర్వాత ఉంగరాలు ఎంతవరకు వచ్చాయో చూద్దామని ఒక్కడినే వెళ్ళాను. గుడ్‌వైగ్ గారు నాది తీసి గుడ్డ మీద పెట్టారు. పైకి చక్కగా ఉంది. తిప్పి చూస్తే లోపలివైపు రెండు చోట్ల లోతుగా గాట్లు.

"ఇదేంటండీ, పాడైందా?"

"పాడవడమేంటి, కష్టపడి పెట్టిన గాట్లు అవి. నీ సున్నివా మొన్న మళ్ళీ వచ్చింది. మామూలుగా పెట్టుకుంటే ఉండాలి, గట్టిగా లాగితే తెగిపోవాలి, అలా చెయ్యమంది. బంగారం గనక మాట వింది. నీ టైటానియం అయితే చచ్చినా వినదు." ఆవిడ ఆగి నా ముఖం చూశారు. "నీకు చెప్పలేదా?"

"ఆమె ఉంగరానికి కూడా ఉన్నాయా గాట్లు?"

"లేవు. నీ ఒక్కదానికే."

అక్కడి నుంచి సున్నివా వాళ్ళింటికి ఎలా నడిచానో గుర్తులేదు. వెళ్ళేసరికి వాళ్ళ నాన్న టోర్లీఫ్ గారు పొయ్యి దగ్గర వాఫుల్స్ వేస్తున్నారు. సున్నివా చీజ్ కోస్తోంది.

"మనసు మారితే మొహం మీదే చెప్పొచ్చుగా," అన్నాను గుమ్మంలోంచే. "తెగే ఉంగరం తొడిగి, అది తెగిన రోజున మన రాత ఇంతేనని చెప్పి వదిలించుకుందామనా?"

ఆమె ఏదో చెప్పబోయి, వాళ్ళ నాన్న వైపు చూసి ఆగిపోయింది.

టోర్లీఫ్ గారు పొయ్యి ఆపారు. ఆయన కుడిచేతికి ఉంగరం వేలు లేదు. ఎవరడిగినా పెద్ద కాడ్ చేప పండక్కి భోంచేసిందని చెప్పి నవ్విస్తారు. నేనూ వందసార్లు నవ్వాను.

"కూర్చో అబ్బాయ్," అన్నారు. "నా వేలు ఏ చేపా తినలేదు. తాడు చుట్టే యంత్రం దగ్గర తాడు నా ఉంగరానికి తగులుకుంది. స్టీలు ఉంగరం. గీతలు పడకూడదని నేనే ముచ్చటపడి చేయించుకున్నా." ఆయన ఆ చెయ్యి బల్ల మీద పెట్టారు. "వేలు పోయింది. ఉంగరానికి గీత కూడా పడలేదు."

ఆయన సున్నివా వైపు తల తిప్పారు.

"నన్ను ఒడ్డుకు దింపేటప్పుడు ఇది రేవులోనే ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా. ముచ్చటకి పోయి వేలు పోగొట్టుకున్నాడని అంటారని నా భయం. ఇన్నేళ్ళూ ఆ ఒట్టు దీని మెడకి చుట్టానని ఇవాళ తెలిసింది. తప్పు నాది."

"తీసి వెళ్ళమంటే తీయనన్నావు," అంది సున్నివా. "ఎందుకు తీయాలో చెప్పడానికి లేదు. ఇంక నేనేం చేయను? నువ్వు పడవెక్కిన ప్రతిసారీ నాకు నాన్న చెయ్యే కనపడుతుంది. ఉంగరం తెగితే తెగనీ జోరుండ్. నువ్వు ముక్కలై రాకూడదు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తెలియక అన్నానని చెప్పబోయాను గానీ, తెలియకపోతే అడగాలి కదా. నేను అడగలేదు, నింద వేశాను. అదే చెప్పాను, వాళ్ళ నాన్న ముందే. సున్నివా కళ్ళు తుడుచుకుని నా ముందు ఒక వాఫుల్ పెట్టింది. తినమనలేదు, తింటుంటే చూస్తూ కూర్చుంది.

శనివారం ఇద్దరం కలిసి కొట్టుకి వెళ్ళాం. గుడ్‌వైగ్ గారు అలాగే గాట్లు పెట్టిన ఇంకో ఉంగరం చేసి ఉంచారు. దాన్ని గోడ కొక్కేనికి తగిలించి, తాడు కట్టి సున్నివా చేతికిచ్చారు. ఆమె పళ్ళు బిగించి లాగింది. టక్కుమని తెగింది. తెగిన ముక్కల్ని అరచేతిలో పెట్టుకుని, చాలా రోజుల తర్వాత ఊపిరి వదిలింది.

"ముందే చెబుతున్నా," అన్నారు గుడ్‌వైగ్ గారు. "నీ ఉంగరానికి నేను హామీ ఇవ్వలేను. ఏ రోజైనా తెగొచ్చు."

సున్నివా నా వైపు తిరిగింది. "తెగితే?"

"మళ్ళీ చేయిస్తాను."

"ఎన్నిసార్లు?"

నా కుడిచెయ్యి ఆమె ముందు చాపాను. "ఈ వేలు ఉన్నంతకాలం."

ఆమె ఉంగరం తొడిగింది. తర్వాత ఆ వేలిని గుప్పిట్లో పట్టుకుని, ఎంతసేపటికీ వదల్లేదు.