విడదీతశాలలో మరమ్మతు

షాహెదా వాల్వు నొక్కగానే షాకబ్జర్‌లోని నైట్రోజన్ బుస్సుమని బయటికొచ్చింది. ఆ చప్పుడు ఆగేదాకా ఆమె కళ్లు మూసుకుంది. పాత యంత్రాలను ముక్కలు చేసే ఈ విడదీతశాలలో దొరికే విశ్రాంతి అంతే. ఇక నూనె ఒంపేసి, ఇనుమూ అల్యూమినియమూ వేరుచేసి కదిలే పట్టీ మీద పెట్టాలి. పట్టీ చివర నమిలే యంత్రం ఉంది.

"పాత పెట్రోలు బండి, మట్టిదారి రకం. విడదీత ఎంతవరకు వచ్చింది?" చెవిలో మార్గపాలిక అడిగింది. దారులనూ బండ్లనూ ఈ శాలనూ నడిపే యంత్రబుద్ధి అది.

"నడుస్తున్నది."

బండి అప్పగించిన మనిషి ఇంకా వెళ్లలేదు. మోచేతికి కట్టుతో గుమ్మం పక్కన కూర్చుంది. మడావి లింగుబాయి, కొండ మీది గూడేనికి మందులు మోసే ఆరోగ్య కార్యకర్త.

"ఇంక పో బాయీ. స్వయంరథం దింపుతది."

"ఘాటు కిందనే దింపుతదక్కా. పైన దానికి దారి లేదు."

"గాలిబండి రాదా మందులతోని?"

"మార్గపాలిక లెక్కల మా గూడెం ఖాళీ. ఖాళీ జాగకు మందులెందుకంటది."

లింగుబాయి గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. వెనక షాకబ్జర్ చచ్చిపోయాక రాయి తగిలినప్పుడల్లా సీటు ఎగిరేదట. వాగు దాటుతూ పడిపోయింది. ఆ పడటాన్ని పైనుంచి చూసిన మార్గపాలిక బండిని రద్దు చేసి ఇక్కడికి పంపింది.

"ఇన్సులిన్ సీసాలన్ని పలిగినయ్. మా అత్తకు సూది అందలే. పోయింది. ఇంక ముగ్గురున్నరు, సూది మీద బతికేటోళ్లు."

షాహెదా లాకు రింగు తీసి కడ్డీని బయటికి లాగింది. నూనె మాడి నల్లబడింది. కడ్డీ మీద గీత లేదు. లోపలి పలుచని రేకులు వంగలేదు. సీలు అంచు ఒక్కటే చిరిగింది. ఏళ్ల తరబడి ఆమె చేతులు విప్పడమే తప్ప బిగించింది లేదు.

పట్టీ మీద అదే రకం షాకబ్జర్ కడ్డీ ఒకటి, సీలుతో సహా కదిలిపోతోంది. చెయ్యి చాచి దాన్ని అందుకుంది. దాని సీలు తీసి దీనికి వేసింది. కొత్త నూనె నింపి, బుడగలు ఆగేదాకా కడ్డీని మెల్లగా పైకీ కిందికీ ఆడించింది. భుజాలు గుంజుతున్నాయి.

"ముక్కలు పట్టీ మీదికి రాలేదు," అంది మార్గపాలిక.

"రావు. రిపేర్ చేస్తున్న."

"అలాంటి పని నమోదులో లేదు. విడదీశారా, విడదీయలేదా?"

"విడదీసిన. మల్ల బిగించిన."

ఆ రెండూ ఒకేసారి నమోదుకు ఎక్కలేదు. పట్టీ ఆగింది. నమిలే యంత్రం మూగబోయింది. రేపటికి ఈ బల్ల తనది కాకపోవచ్చని షాహెదాకు తెలుసు. భయపడే ఓపిక కూడా లేదు. నైట్రోజన్ ఎక్కించి, స్ప్రింగు తొడిగి, షాకబ్జర్‌ను బండికి బిగించింది.

"కూసోని చూడు."

లింగుబాయి కూర్చుంది. సీటు దిగి, నిదానంగా పైకి లేచింది. తర్వాత కిక్కు కొట్టింది.

తెరవాలో మూయాలో మార్గపాలికకు తేలక గేటు సగంలో నిలిచిపోయింది. ఆ సందులోంచి బండి బయటపడింది.

పట్టీ ఇంకా కదల్లేదు. పక్క బల్ల దగ్గర యెల్లేశం చాలాసేపు దానికేసి చూశాడు. ఆగిన పట్టీ మీంచి తను విప్పి పెట్టిన నీళ్ల మోటారు ముక్కలను ఎత్తి మళ్లీ తన బల్ల మీద పెట్టుకున్నాడు.

"అక్కా, ఆ చిన్న పానా ఇటియ్యి" అన్నాడు.