కాసినో గుమ్మంలో మిరపకాయలు

కాసినో మూతపడి ఏళ్లయింది. లాబీలో మేకలు పడుకుంటున్నాయి, నేల బీటల్లో అడవి మిరప మొలిచింది. జీతమిచ్చేవాడు లేడు, రమ్మన్నవాడూ లేడు. అయినా ఇనాసియో పొద్దున్నే నల్లబూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు, ఆ పాడుకొంపకు కాపలా కాయడానికి.

"మేనేజరుగారూ, ఇవాళ ఎంతమంది కోటీశ్వరులు దిగుతున్నారో?" వక్క నములుతూ అడిగింది భార్య లూర్దెస్.

"వెటకారాలొద్దు. ఎవరో కొంటారట. మళ్లీ తెరుస్తారు."

"తెరుస్తారు, మేకల కోసం!"

కూతురు తర్సిలా కాఫీ కప్పు ఠక్కున పెట్టింది. "నాన్నా, శనివారం నా పెళ్లి. రుఫీనా అత్త రానంటోంది."

"కబురు పంపానుగా."

"కబురా! పెద్దవాళ్లు కనబడితే వంగి, వాళ్ల చెయ్యి ముక్కుకి ఆనించుకోవాలని నేర్పింది నువ్వే. సొంత అక్క దగ్గర ఎందుకు వంగలేదు? అత్త దీవించందే నేను చర్చి మెట్లెక్కను."

కాసినో కొత్తగా తెరిచిన రోజుల్లో దీవి మొత్తానికి కళ్లు నెత్తికెక్కాయి. చేపలు పట్టేవాళ్లు వలలు అమ్మేసి పేకముక్కలు పంచడం నేర్చుకున్నారు. ఇనాసియో కోటు తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తల్లిలా పెంచిన తమ్ముణ్ణి చూసి మురిసిపోదామని రుఫీనా వచ్చి చెయ్యి చాపింది. అతిథులు చూస్తున్నారని ఆయన వంగలేదు. "రబ్బరు చెప్పులతో లోపలికి రాకూడదమ్మా" అన్నాడు, పరాయిదానితో అన్నట్టు. తర్వాత విమానాలు తగ్గాయి, జూదగాళ్లు ఇంకో దీవి చూసుకున్నారు. కోటును చెదలు తినేశాయి. పొగరును మాత్రం తినలేదు.

కూతురి మాటలు విన్న ఇనాసియో బూట్లు తొడుక్కుని కాపలాకి బయల్దేరాడు. కాసినో లాబీలో రుఫీనా మిరపకాయలు కోస్తోంది. రోజూ ఆమె కనబడితే వెనకవైపుకి తప్పుకునేవాడు. ఇవాళ కూతురి ముఖం గుర్తొచ్చి కాళ్లు కదల్లేదు.

"ఏం దొరగారూ, చెప్పులతో రావచ్చా ఇప్పుడు?" తలెత్తకుండానే అడిగింది.

ఇనాసియో బూట్లు విప్పాడు. మేకపెంటికల మధ్య వట్టికాళ్లతో నడిచి, వంగి, అక్క చెయ్యి ముక్కుకి ఆనించుకున్నాడు. వేళ్లనిండా మిరప ఘాటు. కళ్లు ధారలు కట్టాయి.

"కారం, అక్కా" అన్నాడు, చెయ్యి వదలకుండా.

"కారమేలే" అంది రుఫీనా. "దేవుడు నీకు తోడుండాలి, వెధవా. ఆ బూట్లు మేకలకి వదిలేయ్. శనివారం వస్తాను. ఈ చెప్పులతోనే వస్తాను."