లెన్సు మీద మూత

ఆ కెమెరా కొన్న వారానికే మా కొండల ఊరు నరీన్‌లో నేను ఫోటోగ్రాఫర్ని అయిపోయాను. చేసేది పశువుల ఆసుపత్రిలో మందులిచ్చే పని. అయినా పాత సోవియట్ కెమెరా మెడలో పడగానే నడకే మారిపోయింది. చూసే కిటికీ మధ్యలో పసుపుపచ్చ మచ్చ ఉంటుంది, అందులో మనిషి రెండుగా కనిపిస్తాడు. రింగు తిప్పి ఆ ఇద్దర్నీ ఒకడిగా కలిపితే ఫోటో స్పష్టంగా వస్తుంది. ఆ విద్య నాకు ఒక్క పూటలో పట్టుబడిందని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను.

ఆ జూన్‌లో పక్కింటి ఊల్కన్ అక్క కొడుకు కనిమెత్ గొర్రెలతో వేసవి మేతకొండలకు బయల్దేరాడు. పదిహేడేళ్ళవాడు. మీసం వచ్చాక తీసిన ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదని అక్క నన్ను పిలిచింది. లారీ పక్కన నిలబెట్టి పదకొండు తీశాను. ప్రతిసారీ పెద్ద పనివాడిలా "కదలకు" అన్నాను. వాడు కదల్లేదు.

లారీ బయల్దేరాక చూసుకున్నాను. లెన్సు మీద మూత అలాగే ఉంది. ఈ కెమెరాలో చూసే కిటికీ వేరు, ఫోటో పడే లెన్సు వేరు. మూత ఉన్నా లోకమంతా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. లారీ ఇంకా వంతెన దాటలేదు, ఒక్క కేక వేస్తే ఆగేది. కానీ పక్కన మా బావమరిది జుమాష్ ఉన్నాడు. వాడి నోట పడితే ఏడాదిపాటు ఊరంతా నవ్వుతుంది. మూత జేబులో వేసుకుని చెయ్యి ఊపాను.

ఇరవై రోజులకు కనిమెత్‌ని ఏరు మింగింది. గొర్రెపిల్ల కోసం దిగాడట. దొరికినప్పుడు ముఖం చూడొద్దని అక్కని మగవాళ్ళు పట్టుకుని ఆపారు.

ఏడాది కార్యానికి సమాధిరాయి మీద ముఖం చెక్కించాలి. అక్క ఫోటో అడిగినప్పుడల్లా ఫిల్మ్ కడిగే మందు రాలేదన్నాను, కాగితం దొరకలేదన్నాను. చివరికి ఒక మధ్యాహ్నం రొట్టె, గిన్నెడు మీగడ పట్టుకుని వచ్చి మా స్నానాలగది తలుపు బయట పీట వేసుకుని కూర్చుంది.

"నువ్వు కడుగు తమ్ముడూ. తొందరేం లేదు."

కిటికీకి బొంత కట్టి, చీకట్లోనే ఫిల్మ్‌ని మందు డబ్బాలో పెట్టి మూసి, ఎర్రదీపం వెలిగించాను. ఖాళీ ఫిల్మ్ చూపించి, పాతది కదా, పాడైపోయిందని చెబుదామనుకున్నాను. అంటే ఇంకో అబద్ధం. మందు పుల్లటి వాసన గొంతులోకి దిగింది. డబ్బాలోంచి కడిగిన ఫిల్మ్ తీసి దీపానికి ఎత్తాను.

ఖాళీగా లేదు.

మొదటి బొమ్మని కాగితం మీదికి దించి పళ్ళెంలో ముంచాను. కనిమెత్ రాలేదు. లారీ రాలేదు. మెల్లగా... ఒక మనిషి తేలాడు. కెమెరా కంటికి ఆనించుకుని ఉన్నాడు. నేనే. లెన్సు మీద నల్లగా మూత.

కనిమెత్ నిలబడ్డ చోటునుంచి చూసినట్టుంది.

పదకొండూ అంతే. పన్నెండోది నేను తీయలేదు. అందులో నేను చిన్నగా ఉన్నాను, లారీ దుమ్ముకి అవతల... మూత జేబులో వేసుకుంటూ.

"ముఖం పడిందా?" అక్క మెల్లగా అడిగింది.

"పడింది, అక్కా."

"నవ్వుతున్నాడా?"

"నవ్వుతున్నాడు," అన్నాను. నా నోటికి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఫిల్మ్ మీద ఇంకొకటి ఉంది. ముంచాను. ముందు చీకటి... తర్వాత దీపం. పళ్ళెం. పళ్ళెం మీదకి వంగిన మెడ. నేను ఆ పొద్దున వేసుకున్న చొక్కా. జానెడు దూరం నుంచి.

నా వెనక గోడ తప్ప ఏమీ లేదు. నేను తిరిగి చూడలేదు. భయమే, కాదనను. కానీ భయం కంటే సిగ్గు ఎక్కువ. ఏ ముఖం పెట్టుకుని వాడికేసి చూడను?

మెడ మీద ఒక చుక్క పడింది. చల్లగా... ఏటి బురద వాసన.

తలుపు అవతల పీట కిర్రుమంది. అక్క బుజ్జగిస్తున్నట్టు అంది.

"మూత సంగతి వాడు ఎప్పుడో చెప్పాడులే, తమ్ముడూ. నువ్వు చెబుతావేమోనని ఇద్దరం చూస్తున్నాం."