ద్రోవేనియా పటంలో వంకర దారి

పులివెందుల కొండల్లో సర్వే అధికారి శవం ఉదయం ఏడు గంటలకు కనిపించింది. ఎనిమిదికి పోలీసులు వచ్చారు. ఎనిమిదింబావుకి హంతకుడు దొరికాడు. హంతకుడు పావుగంటలో దొరికాడంటే వాళ్ళు వెతకలేదని అర్థం.

దొరికినవాడు క్యాంపు కాపలాదారు వలీ బాషా. శవంలో దిగిన కత్తి అతనిది. క్యాంపులో అందరూ ఉల్లిపాయలు తరుక్కునేది ఆ కత్తితోనే. ఆ ముక్క పంచనామాలో రాసే తీరిక ఎవరికీ లేకపోయింది. శవాన్ని మొదట చూసిన క్యాంపు డ్రాఫ్ట్స్‌మన్ ఆదినారాయణ మాత్రం వెక్కివెక్కి ఏడుస్తూ మూడు పేజీల వాంగ్మూలం ఇచ్చాడు. ఇనప్పెట్టెలో ఉండాల్సిన మ్యాపు లేదు.

తుమ్మలపల్లె వైపు కొండల్లో, పేరు బయటికి చెప్పకూడని బరువైన రాయి ఒకటి ఎక్కడెక్కడ ఎంత లోతులో ఉందో చూపే పటం అది. అలాంటిది మరొకటి లేదు.

పన్నెండు రోజుల తర్వాత, శనివారం, హైదరాబాదులో ఒక ఫ్యాను తిరగని గదిలో చీఫ్ ఫైలు తెరిచాడు. అది 1957 మే నెల. కొత్త రాష్ట్రానికి ఆర్నెల్లు నిండాయి. ఫ్యానుకి శాంక్షన్ ఇంకా రాలేదు.

"నలభై ఒకటీ, ప్రొద్దుటూరు వెళ్ళు."

ఏజెంట్ నలభై ఒకటి అసలు పేరు పరాంకుశం. "కవర్?" అన్నాడు.

"ఇన్సూరెన్స్ ఏజెంట్."

"కాంటాక్ట్?"

"మేడమ్ సిల్వానా. ద్రోవేనియా దేశపు ఎగ్జిబిషన్‌తో వస్తోంది. రెండేళ్ళుగా మన మనిషి. తెలుగు నీకంటే బాగా మాట్లాడుతుంది."

"కోడ్?"

"'మీ దేశంలో మంచు పడుతుందా?' అని నువ్వడగాలి. 'శెనక్కాయలు పండిన ఏడాది పడుతుంది' అని ఆమె చెబుతుంది. బుధవారం లోగా మ్యాపు దొరకాలి. దొరక్కపోతే ఆ కాపలావాడి మీద ఛార్జిషీటు వేసేస్తారు. ఉరి ఖాయం."

"అతను చెయ్యలేదేమో, సర్?"

"ఫైలు మూయాలి, పరాంకుశం. దానికి ఎవడైతేనేం?"

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో పరాంకుశం మారువేషం సరిగ్గా ఇరవై నిమిషాలు నిలిచింది. మూడో అంగట్లోనే సేటు కుర్చీ చూపించి, "కూచోప్పా. పోలీసోళ్ళు ఈ ఎండలో తిరగడం శానా కష్టం" అన్నాడు.

"నేను ఇన్సూరెన్స్..."

"ఇన్సూరెన్సోడైతే ఈపాటికి నా వయసు అడిగుండేవాడు. నువ్వు నా వెనక గోడ సూస్తాండావు."

డిపార్ట్‌మెంటు ఇచ్చిన సిగరెట్ లైటర్ కెమెరా మరుసటి రోజే దుమ్ముతో మూసుకుపోయింది. దాంతో కనీసం సిగరెట్టయినా వెలిగేది కాదు.

ఎగ్జిబిషన్ హైస్కూలు మైదానంలో పెట్టారు. జిల్లా దాటే ప్రతి పెట్టెనూ పోలీసులు విప్పి చూస్తున్నారు కనుక, ద్రోవేనియా పెట్టెలను కూడా రెండుసార్లు విప్పి చూశారు. ఏమీ దొరకలేదు. వచ్చినవాళ్ళందరికీ ఒక తెలుగు పుస్తకం ఉచితంగా పంచుతున్నారు. పది రోజుల కిందట మద్రాసులో అచ్చయింది. పేరు, 'ద్రోవేనియా: ప్రభుత్వము, జనాభా, చూడదగిన స్థలములు'.

పరాంకుశం నిలబడే చదివాడు. ద్రోవేనియాలో ప్రజలే పాలకులట. అధ్యక్షులవారు మాత్రం ప్రజల బలవంతం భరించలేక ఇరవై రెండేళ్ళుగా పదవిలో ఉన్నారట. జనాభా పదకొండు లక్షలు, అందులో అసంతృప్తులు ఎవరూ లేరు. చూడదగిన స్థలాల్లో మొదటిది గాజు సరస్సు. దాన్ని ఫొటో తీయరాదు. రెండోది అధ్యక్షులవారు పుట్టిన ఇల్లు. అది మూడు ఊళ్ళలో ఉంది. చివరి పేజీలో దేశపటం, కొండలు, ఒక నది, అయిదు ఊళ్ళు, ఒక్కో ఊరి పక్కన జనాభా అంకె. ఇంత సిగ్గులేని పుస్తకం తాను ఎన్నికలప్పుడు కూడా చూడలేదనుకుని దాన్ని విసనకర్రగా వాడుకున్నాడు.

"మీ దేశంలో మంచు పడుతుందా?"

నీలిరంగు పట్టుచీరలో ఉన్న మేడమ్ సిల్వానా నవ్వింది. ఆ నవ్వుకు పక్కనున్న మున్సిపల్ కౌన్సిలర్ కూడా నవ్వాడు. "శెనక్కాయలు పండిన ఏడాది పడుతుంది" అంది ఆమె. గొంతు తగ్గించి, "మ్యాపు వలీ బాషా చెల్లెలి దగ్గరుంది. వేంపల్లెలో. ఇల్లు తవ్వించండి" అని చెప్పింది.

పరాంకుశం తవ్వించాడు. ఒక విదేశీ వనిత చెవి దగ్గర చెప్పిన మాటను అనుమానించేంత బుద్ధి ఆ డిపార్ట్‌మెంటులో ఏ గ్రేడు ఉద్యోగికీ లేదు. వలీ బాషా చెల్లెలు మాబున్ని ఆస్బెస్టాస్ తీసే రాతినార గనిలో రాళ్ళు కొట్టే మనిషి. పోలీసులు ఆమె పొయ్యి పగలగొట్టారు, కుండలు బోర్లించారు, నేల మోకాలిలోతు తవ్వారు. రెండు రోజులు గడిచాయి. సంగటి గిన్నె తప్ప ఏమీ బయటపడలేదు.

బుధవారం ఉదయం ఎనిమిదికి ఆమెను ప్రొద్దుటూరు లాడ్జికి పిలిపించారు. మధ్యాహ్నానికి ఛార్జిషీటు కోర్టుకు చేరుతుంది.

"చెప్పు. మీ అన్న మ్యాపు ఎవరికిచ్చాడు?"

"మా యన్న కత్తెత్తినోడు కాదప్పా. ఇంట్లో కోడిని కోయల్లంటే పక్కింటోళ్ళను పిలుస్తాడు. నువ్వు నా పొయ్యి పగలగొట్టినావు, ఊరుకున్నా. మా యన్నను మాత్రం సంపొద్దు."

పరాంకుశం కాగితాలు సర్దాడు. తలెత్తేసరికి ఆమె బల్లమీది ద్రోవేనియా పుస్తకం తీసి పటం చూస్తోంది. పుస్తకం తలకిందులుగా ఉంది.

"తిరగేసి పట్టుకున్నావు" అన్నాడు విసుగ్గా.

"ఇట్ల పట్టుకుంటేనే గదప్పా మా కొండ కనపడేది."

"ఏ కొండ?"

"మా కొండే. ఇదిగో వంక. ఇది గనికాడి దిబ్బ. రోజూ నడిసే దావ నాకు తెలీదా? ఈడ సూడు, దావ నేరుగా పోకుండా ఇట్ల సుట్టు తిరుగుతాది. ఎందుకు? ఆడ పీరయ్య గోరీ ఉంది. గోరీ ముందర బండి తోలకూడదు. రెడ్ల బండ్లైనా, గని లారీ అయినా, చెప్పులిప్పి సుట్టు పోవల్ల. మీ సర్వే జీపు తొలిరోజు నేరుగా పొయ్యి టైరు పేల్చుకునింది. మర్నాటినుంచి అదీ సుట్టే."

పరాంకుశం పుస్తకం లాక్కున్నాడు. పటంలో ఆ దారి పేరు 'మంచు మార్గము'. చదునైన చోట, ఏ కారణమూ లేకుండా అర్ధచంద్రంలా వంగింది. నాలుగు రోజులుగా ఆ పటంతోనే తాను విసురుకున్నాడు. అతనికి ఒళ్ళంతా సిగ్గేసింది. చదువొచ్చిన వాళ్ళందరూ పేర్లు చదివారు, చదువురాని మనిషి కొండను చూసింది. పోలీసులు దేని కోసం ఇళ్ళు తవ్వుతున్నారో దాన్ని మేడమ్ ఊరంతా పంచి, తన ప్రతిని చేతిలో పట్టుకుని దర్జాగా వెళ్ళబోతోంది.

క్యాంపులో పటాలు గీసే చెయ్యి ఒక్కటే. "ఆదినారాయణ ఎక్కడ?" అని ఫోన్లో క్యాంపును అడిగాడు.

"సెలవు సార్. తిరుపతి మొక్కు."

"మేడమ్?" అని ఎగ్జిబిషన్ వాళ్ళకు మరో ఫోన్ చేశాడు.

"జమ్మలమడుగులో లెక్చర్ అయిపోయింది. ముద్దనూరులో బొంబాయి మెయిల్ ఎక్కుతుంది. పదకొండు నలభైకి."

మాబున్నిని ఎక్కించుకుని జీపు బయల్దేరింది. ఎర్రగుంట్ల దాటాక ఇంజన్ వేడెక్కి అరగంట ఆగిపోయింది. ప్రభుత్వ జీపు ఆగకుండా వెళ్ళి ఉంటే అదే అనుమానించాల్సిన విషయం.

ముద్దనూరు ప్లాట్‌ఫారం మీద వాళ్ళు పరుగెత్తేసరికి మెయిల్ బయల్దేరడానికి రెండు నిమిషాలుంది. ఫస్టుక్లాసు పెట్టెలో మేడమ్ సిల్వానా, ఎదురుగా కొత్త సూటులో ఆదినారాయణ. తిరుపతి రైలు అటు పోదని ఆ మొక్కుబడిదారుకు తెలియనట్టు కూర్చున్నాడు. అతని ఒళ్ళో పుస్తకం, గాజు సరస్సు పేజీ దగ్గర తెరిచి ఉంది. పాపం, నమ్మాడు. ఆ పుస్తకం రాసినవాడు కూడా నమ్మని దేశాన్ని ఈ వెర్రివాడు నమ్మి బయల్దేరాడు.

"ఇది మా కొండల పటం" అన్నాడు పరాంకుశం.

మేడమ్ నవ్వింది. "ప్రతి దేశానికీ కొండలుంటాయి, ఆఫీసర్. నా దగ్గర మీ డిపార్ట్‌మెంటు ఇచ్చిన ఉత్తరమే ఉంది. నన్ను ఆపితే రేపు ఢిల్లీ నుంచి ఫోన్ వస్తుంది. సాక్ష్యం ఉందా?"

లేదు. రాళ్ళు కొట్టే మనిషి మాట తప్ప ఏదీ లేదు. స్టేషన్ మాస్టర్ గంట కొట్టించాడు.

మాబున్ని పెట్టె ఎక్కి ఆదినారాయణ ముందు నిలబడింది. "సారూ, నీ బొమ్మేనా ఇది?"

"ఏ... ఏ బొమ్మ? అది వాళ్ళ దేశం."

"అట్లనా? వాళ్ళ దేశమే అయితే ఈ దావకు వంకరెందుకు? ఇదో పెన్సిలు. నేరుగా గియ్యి. నడిమధ్యలో గీత గీసి సూపియ్యి, మేం దిగిపోతాం."

పెన్సిలు పరాంకుశం జేబులోది. ఆమె ఎప్పుడు తీసిందో అతనికి తెలియలేదు.

"గీసేయండి" అంది మేడమ్, తెలుగులోనే, తేలిగ్గా. ఆమెకు అది కాగితం.

ఆదినారాయణ పెన్సిలు పట్టుకున్నాడు. మొన దారి మొదట్లో ఆనింది. గార్డు పచ్చజెండా విప్పాడు. ఒక్క అంగుళం గీత. గీస్తే ద్రోవేనియా, గాజు సరస్సు, కొత్త సూటు. నుదుటి చెమట పటం మీద పడింది, చెయ్యి మాత్రం కదల్లేదు. అధికారి రక్తం చూసి అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినప్పుడు ఆగని చెయ్యి అది. దేశాన్ని అమ్మడానికి జంకనివాడు, గోరీ మీదుగా గీత గీయడానికి జంకాడు.

"నావల్ల కాదు" అని ఏడ్చాడు. ఈసారి నిజంగానే. "ఆ తావుమీద గీత గీస్తే నా ఇంటికి మంచిది కాదు... నేను పొడవలేదు సార్. ఈమె కారు డ్రైవరు పొడిచినాడు. కత్తి నేనే తెచ్చిచ్చినా. జనాభా అంకెలన్నీ మేము తవ్విన బోర్ల లోతులు."

మేడమ్ లిప్‌స్టిక్ తీసింది. అది లిప్‌స్టిక్ కాదు. కానీ సమ్మెట పట్టే చెయ్యి ఆమె మణికట్టును పట్టుకుంది. ఆ పట్టుకు చిన్న పిస్తోలు కిటికీలోంచి చక్రాల కిందికి జారిపడింది. పరాంకుశం గొలుసు లాగాడు. అడుగు కదిలిన మెయిల్ ఆగిపోయింది.

"పొరపడ్డారు, ఆఫీసర్" అంది మేడమ్ మణికట్టు రుద్దుకుంటూ. "నేను మొదటినుంచీ మీ పక్షమే."

"అందరికీ అదే చెప్పండి మేడమ్. జైల్లో తీరిక ఉంటుంది."

కారు డ్రైవరు జమ్మలమడుగులో దొరికాడు. శుక్రవారం వలీ బాషా కడప జైలు నుంచి బయటికొచ్చాడు. మాబున్ని అతని రెండు చేతులూ పట్టుకుని నడివీధిలో భోరున ఏడ్చింది. పరాంకుశం దూరంగా నిలబడి, పొయ్యి సంగతి ఎలా ఎత్తాలా అని ఆలోచిస్తుండగా వలీ బాషా ఒక కాగితం తెచ్చి చేతికిచ్చాడు. క్యాంపు ఆఫీసు నుంచి వచ్చింది, ఇంగ్లీషులో ఉంది.

"ఏముందప్పా దీంట్లో?"

పరాంకుశం రెండుసార్లు చదివాడు. "పద్దెనిమిది రోజులు అనుమతి లేకుండా డ్యూటీకి రాలేదట. సంజాయిషీ ఇమ్మంటున్నారు."

"వాళ్ళే గదప్పా జైల్లో ఏసింది?"

"అదే రాద్దాం. నిజం."

"వద్దప్పా" అన్నాడు వలీ బాషా కంగారుగా. "జైలుకు పొయ్యొచ్చినాడని కాగితంలో పడితే పని పోతాది. జొరమొచ్చిందని రాయి."

పరాంకుశం జైలు అరుగు మీద కూర్చుని, పద్దెనిమిది రోజుల విషజ్వరం గురించి ప్రభుత్వానికి సవినయంగా రాసిచ్చాడు. ప్రభుత్వం మరునాడే నమ్మింది.