ఖుర్షీద్‌కు ముట్టని మెహర్

ఖాజీ సాహెబు కలానికి మూత పెట్టేశారు! ముందు మీలో మీరు తేల్చుకోండి, తర్వాత నన్ను పిలవండి అని చెప్పి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. అంతవరకూ సంతలా ఉన్న షామియానా ఒక్కసారిగా చప్పబడిపోయింది. లోపలి గదిలో కూతురు సబా పక్కన కూర్చుని, దాని తల మీద ఎర్ర ఓణీ సర్దుతున్న ఖుర్షీద్ చేతులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. బయట ఏం జరిగిందో ఆమెకు ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. భర్త చాంద్‌పాషా గొంతు పరదా దాటి వస్తూనే ఉంది... నోట్లు వద్దు, బంగారం రాయండి, నోట్లు వద్దు! యా అల్లా, పెళ్లి పీటల దాకా వచ్చాక ఇదేం పోయేకాలం ఈ మనిషికి!

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. నికాహ్‌లో పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇస్తానని అల్లా ముందు ఒప్పుకునే సొమ్మును మెహర్ అంటారు. అది ఆమెది, ఆమె ఒక్కదానిదే. తండ్రికి గానీ, అత్తకు గానీ, ఆఖరికి మొగుడికి గానీ దాని మీద హక్కు లేదు. వినడానికి ఎంత బాగుందో చూశారా! కానీ ఖుర్షీద్ ఎరిగిన ఇళ్లన్నింటిలో జరిగేది వేరు. మెహర్ ఇంత అని రాస్తారు, తర్వాత ఇస్తాం అంటారు, ఆ తర్వాత అన్నది మాత్రం ఎప్పటికీ రాదు. సబాకు యాభై వేలని మాట ఖాయం చేసుకున్న రోజునే అందరూ కలిసి ఒప్పుకున్నారు. ఆ రోజు తల ఊపి, మిఠాయి కూడా తిన్న మనిషి ఇప్పుడు ఖాజీ గారి ముందు కూర్చుని ఆ యాభై వేలకు బదులు అర తులం బంగారం రాయమంటున్నాడు!

చాంద్‌పాషా చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు, అదే తంటా! తాండూరులో నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పెళ్లికి ముందు నుంచీ పని చేశాడు. ఆ రాతి దుమ్ము తిని తిని దగ్గు పట్టుకున్నా పని మానలేదు. అలాంటిది ఈ రెండేళ్లలో ఇళ్లు కట్టేవాళ్లే కరువయ్యారు. లోడు పోవాల్సిన లారీలు రోడ్డు పక్కన ఎండుతున్నాయి. ఒక్కో యూనిట్ మూతపడుతోంది. నూనె, పప్పు కొనాలంటే గుండె దడదడలాడుతోంది. ఇక ఖాళీగా కూర్చున్న మగవాడి చేతిలో ఫోనుంటే ఏమవుతుంది? సర్కారు దగ్గర పైసల్లేవట, రాత్రింబవళ్లు నోట్లు అచ్చేస్తోందట, ఇవాళ్టి వెయ్యి రేపు వందకు కూడా కొరగాదట... చెప్పేవాడికి తెలిసి చెప్పాడో తెలియక చెప్పాడో గానీ, వినేవాడు మాత్రం నమ్మేశాడు. పనుల్లేని వాళ్లందరితో కలిసి లారీ ఎక్కి వికారాబాద్ కలెక్టరాఫీసు దగ్గర ధర్నాకు పోయాడు. మా చెమటను చిత్తుకాగితం చేసిన్రు అని అరిచి అరిచి, మాట రాని గొంతుతో ఇంటికొచ్చాడు. జనం కోపంలో న్యాయం లేదని నేననను. కడుపు మండితే ఎవరైనా అరుస్తారు.

అరిచి ఊరుకున్నా బాగుండేది! యూనిట్ మూసేస్తూ సేఠ్ అందరికీ లెక్క చూసి పంపిస్తుంటే, ఈ మహానుభావుడు నాకు నోట్లు వద్దు, రాళ్లివ్వండి అన్నాడు. రాయిని ఎవడూ అచ్చెయ్యలేడు కదా, అదీ ఆయన లెక్క. సేఠ్ బతుకుజీవుడా అనుకుని అమ్ముడుపోని బండలన్నీ ట్రాక్టర్‌లో పంపించేశాడు. అందరూ ఇళ్లు కట్టడం మానేసినందుకే కదా పని పోయింది, మరి ఆ బండలు కొనేదెవరు? వాటిని ఇంటి ముందు పేర్చుకుని, కోళ్లు తిరుగుతుంటే చూసుకుంటూ కూర్చున్నాడు. ఖుర్షీద్ పల్లెత్తు మాట అనలేదు. చీరలకు ఫాల్ కుట్టీ, జాకెట్లు కుట్టీ పొయ్యి ఆరకుండా చూసింది, పెళ్లి సామాను కూడా కూడబెట్టింది. రాత్రి అన్నం తినేటప్పుడు ఆయన నోట్ల సంగతి ఎత్తితే ఊ కొట్టింది. ఆడది ఊ కొడుతోందంటే ఒప్పుకున్నట్టని ఏ మగవాడికి నూరిపోశారో గానీ, చాంద్‌పాషా అలాగే అనుకున్నాడు.

బయట మాటలు ముదిరాయి. పెళ్లివారు బషీరాబాద్ నుంచి వచ్చారు. వాళ్లదీ అంతంత మాత్రపు సంసారమే. పెళ్లికొడుకు తారిఖ్ నడిపేది సామాన్ల ఆటో, అది మోసేది కూడా ఈ బండలే. లోళ్లు లేక వారంలో సగం రోజులు ఇంటి ముందే నిలబెడుతున్నాడు. మేమేమైనా ఎత్తుకుపోయేటోళ్లమా, మా మీద నమ్మకం లేదా అని తారిఖ్ తండ్రి అడిగాడు. నమ్మకం మీ మీద ఉంది గానీ నోటు మీద లేదని చాంద్‌పాషా అన్నాడు. నా బిడ్డకు ముసలితనంలో ఆ యాభై వేలతో ఉప్పు పొట్లం రాకపోతే ఎవరిని అడగాలి అన్నాడు. పెళ్లివారి వైపు పెద్దాయన ఒకరు లేచి, ఇక మాటలు అనవసరం, బండ్లు తిప్పండి అనేశాడు. ఆ మాట లోపలి గదిలోకి వినపడగానే సబా వెన్ను బిగుసుకుపోయింది. ఇప్పుడు బండ్లు తిరిగిపోతే ఆ పిల్ల గతేం కావాలి? ఇష్టపడి చేసుకుంటున్న సంబంధం... చేతుల నిండా మెహందీ పెట్టుకుని, వీధి జనమంతా చూస్తుండగా...

అప్పుడు పరదా పక్కకు జరిగింది. తారిఖ్ తల్లి మహబూబ్‌బీ లోపలికొచ్చింది. కోపంతో ఆమె ముక్కుపుటాలు అదురుతున్నాయి, కానీ గొంతు మాత్రం పెంచలేదు. గదిలో ఉన్న ఆడవాళ్లందరినీ ఒకసారి చూసి, తిన్నగా ఖుర్షీద్ ముందుకొచ్చి నిలబడింది.

"ఆపా, ఒక్కటే మాట అడుగుత. మా దగ్గర బంగారం కావాలంటున్నడు కదా నీ ఇంటాయన. మరి నీ మెహర్ నీకు ముట్టిందా?"

పాతికేళ్ల కిందట ఇదే తాండూరులో, ఇలాంటి పరదా వెనకే కూర్చుని ఖుర్షీద్ ఖుబూల్, ఒప్పుకున్నాను, అంది. రాసిన మెహర్ పదకొండు వేలు. ఆ రోజుల్లో అది చిన్న సొమ్మా! రెండున్నర తులాల బంగారం వచ్చేది. పెళ్లైన కొత్తలో చాంద్‌పాషా తానే అన్నాడు, పండుగకిస్తానని. ఆ పండుగ వెళ్లింది, కాన్పు వచ్చింది, ఇంటి రేకులు వచ్చాయి, దగ్గుకు మందులు వచ్చాయి. ఏటేటా అదే పదకొండు వేలు, ఏటేటా దానికొచ్చే బంగారం తరిగిపోతూ... ఇప్పుడు ముక్కుపుడక వస్తే గొప్ప. ఆమె ఏనాడూ అడగలేదు. అడిగితే మొగుడి చావు కోరుకున్నట్టే అంటారు పెద్దలు. మామగారు పోయిన రోజు ఖుర్షీద్ కళ్లారా చూసింది. జనాజా వాకిట్లో పెట్టి, ఏడుస్తున్న అత్తగారి చుట్టూ చేరి, మెహర్ మాఫ్ చేశానను, అను, మనిషి తేలికగా పోతాడు అన్నారు. శవాన్ని ముందు పెట్టుకుని ఏ ఆడది లేదంటుంది? ఆ ముసలావిడ తల ఊపింది, జనాజా లేచింది. అంతే, మెహర్ కథ ముగిసింది.

ముట్టింది అని ఒక్క మాట అంటే సరిపోతుంది. భర్త పరువు నిలబడుతుంది, ఈవిడ నోరు మూతపడుతుంది. ఖుర్షీద్ ఆ మాట అనడానికి నోరు తెరిచింది కూడా. అప్పుడు సబా తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మీ... నా నికాహ్ కాడ అబద్ధం చెప్పకు," అంది మెల్లగా.

ఎంతకాలం నుంచి ఆపుకున్నవో, ఖుర్షీద్ కళ్లలో నీళ్లు జలజలా రాలిపోయాయి. "ముట్టలేదు ఆపా," అంది.

మహబూబ్‌బీ గెలిచినట్టు నవ్వుతుందని అందరూ అనుకున్నారు. ఆమె నవ్వలేదు. నిలబడ్డదల్లా గోడకానుకుని కూర్చుండిపోయింది. నాకు మాత్రం ఎక్కడ ముట్టింది అన్నట్టు చెయ్యి తిప్పింది. గదిలో ఉన్న మిగతా ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకోలేక తలలు దించుకున్నారు. ఎవరిని కదిపితే ఏం బయటపడుతుందో అని భయం.

ఖుర్షీద్ కళ్లు తుడుచుకుని లేచింది. పరదా దగ్గరకు వెళ్లి నిలబడింది. పాతికేళ్ల సంసారంలో నలుగురు మగవాళ్లకు వినపడేలా ఆమె మాట్లాడింది లేదు. ఇవాళ మాట్లాడింది.

"సబా అబ్బా, జర ఇను. నోట్లు ఎవరు అచ్చేస్తున్నరో నాకు తెల్వది. వికారాబాద్ పోయి అడిగినవ్, అడగాల్సిందే. కానీ నా మెహర్‌ను చిత్తుకాగితం చేసింది సర్కార్ కాదు... నువ్వు. ఇస్త ఇస్త అనుకుంట ఇన్నేండ్లు కరగబెట్టినవ్. బంగారం రాసినా గంతే, ఇయ్యకుంటే అది సుత కాగితమే."

చాంద్‌పాషా మొహంలో నెత్తురు చుక్క లేదు. ఖుర్షీద్ ఆగలేదు. ఆగితే మళ్లీ మాట రాదని ఆమెకు తెలుసు.

"ఖాజీ సాబ్, ఒప్పుకున్న యాభై వేలే రాయండి. కానీ తర్వాత ఇస్తరని రాయకుండ్రి. బిడ్డ ఈ గడప దాటకముందే దాని చేతుల పెట్టాలె. గట్లయితేనే మాకు ఖుబూల్."

ఖాజీ గారు కళ్లజోడు పెట్టుకున్నారు. అమ్మ అడిగినదాంట్లో తప్పేమీ లేదు, అసలు పద్ధతి అదే అన్నారు. తారిఖ్ తండ్రి తడబడ్డాడు. చేతిలో ఉన్న సొమ్మంతా రేపు మా ఇంట్లో ఇచ్చే వలీమా విందుకని తెచ్చి పెట్టుకున్నదే, అది ఇచ్చేస్తే ఊరందరికీ ఏం పెట్టాలి అన్నాడు. అంతవరకూ పూలదండల వెనక తల దించుకుని ఉన్న తారిఖ్ అప్పుడు తల ఎత్తాడు. ఆ సొమ్మే ఇచ్చేద్దాం అబ్బా, వచ్చినవాళ్లకు చాయ్ పోద్దాం అన్నాడు. ఇందాక బండ్లు తిప్పమన్న పెద్దాయన, చాయ్ పోస్తే బషీరాబాద్‌లో మన పరువేం కాను అని సణిగాడు. పరదా వెనక నుంచి మహబూబ్‌బీ గొంతు ఖంగుమంది.

"నా కోడలి మెహర్‌తోని బిర్యానీ తింటరా మీరు?"

కలం మూత తెరుచుకుంది. సాక్షులు లోపలికొచ్చి అడిగితే సబా మూడుసార్లూ ఖుబూల్ అంది. మహబూబ్‌బీ స్వయంగా ఆ సొమ్ము తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది. ఖుర్షీద్ కూతురిని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. బిడ్డ వెళ్లిపోతోందని ఏడ్చిందో, బిడ్డకైనా దక్కిందని ఏడ్చిందో ఆమెకే తెలియాలి.

పెళ్లి బండ్లు బషీరాబాద్ దారి పట్టాయి. షామియానా వాళ్లు గుంజలు పీకేస్తుంటే ఖుర్షీద్ చూసుకుంది, చాంద్‌పాషా ఎక్కడా లేడు. బిడ్డను సాగనంపి అటునుంచి అటే తన పాత మోటార్‌సైకిల్ మీద ఎక్కడికో వెళ్లాడన్నారు. నలుగురిలో మొగుణ్ని అంత మాట అన్నానే అని ఆమెకు అప్పుడు భయమేసింది. అన్నం ముట్టలేదు. సాయంత్రం అసర్ నమాజు వేళకు ఆయన వచ్చాడు, నడిచి వచ్చాడు. మోటార్‌సైకిల్ ఏదని ఆమె అడగబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. ఆయన లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు, పరాయి ఇంటికొచ్చినవాడిలా.

"మాఫ్ చెయ్యమని అడుగుదామనుకున్న," అన్నాడు. "అడిగితే చేస్తవని తెలుసు. అందుకే అడగలే."

జేబులోంచి నోట్లు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. పదకొండు వేలు. అప్పట్ల రెండున్నర తులాలొచ్చేది ఖుర్షీద్, నా చేతగానితనంతోని గింత చేసిన... అంటూ గోడకు తల ఆన్చి పసివాడిలా ఏడ్చాడు. ఆమెకూ ఏడుపు ఆగలేదు. అయినా పోనీలే, నీ దగ్గరే ఉంచు అని మాత్రం అనలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఖుర్షీద్ దాన్ని మింగేసింది. నోట్లు మడిచి కొంగున ముడి వేసుకుంది.

చాంద్‌పాషా కళ్లు తుడుచుకుని, పాత అలవాటు కొద్దీ అడిగాడు. "ఏం చేస్తవ్ దాంతోని?"

"నా ఇష్టం," అంది ఖుర్షీద్.

రేపటికి ఇంట్లో బియ్యం లేవని ఇద్దరికీ తెలుసు. చాంద్‌పాషా మళ్లీ అడగలేదు.