తలుపవతల మరిది

పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చుందే గానీ, ఆవిడ చూపంతా తలుపు కింది సందు మీదే ఉంది. అక్కడ రెండు పాదాలు, కదలకుండా. మరిది జైలు నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఆవిడ ఏ గదిలో ఉంటే ఆ గది తలుపవతల పిల్లిలా నిలబడతాడు.

"చూశారా, మళ్ళీ నక్కి వింటున్నాడు," అంది భర్తతో. "ఊళ్ళోవాళ్ళ తాళాలు పగలగొట్టినవాడికి మనింట్లో పక్క వేశారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. వాడుంటాడో నేనుంటానో ఇవాళే తేల్చండి!"

"మెల్లగా! వాడికి వినపడుతుంది."

"వినపడాలనే!"

భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ గోడవైపు తిరిగాడు. "ఇక్కడ కూడా చోటు లేకపోతే ఆ పాత స్నేహితుల దగ్గరికే పోతాడే. కథ మళ్ళీ మొదటికొస్తుంది."

"నెత్తిన పెట్టుకోవడానికి నేనే దొరికానా?" విసురుగా లేచి తలుపు లాగింది. మరిది ఉలిక్కిపడి, చేతులు కట్టుకుని గోడకి అంటుకుపోయాడు. ఆ వినయం చూసి ఆవిడకి ఒళ్ళు మరింత మండింది.

"ఏం వినాలని నిలబడ్డావు? బీరువా తాళం ఎక్కడ పెడతానోనా?"

"మంచినీళ్ళకి వదినా."

"కూజా లోపలుంది. తలుపు తోసుకుని రాలేవా? నిన్నే! నోరు విప్పితే ముత్యాలు రాలతాయా?"

"జైల్లో తలుపు మనం ముట్టుకోకూడదు వదినా. ఎవరో వచ్చి తీసేదాకా నిలబడాలి. ఇప్పుడు చెయ్యి పెడదామనుకుంటాను... రాదు."

నిన్న ఆవిడ వీధి తలుపు చేరవేసి బజారుకెళ్ళి వచ్చేసరికి, మరిది మెట్ల మీద వానలో తడుస్తూ కూర్చున్నాడు. పొగరనుకుని నాలుగు తిట్టింది. గొళ్ళెం కూడా పెట్టని తలుపది. ఎన్ని తాళాలు విరిచిన చేతులో అవి, సొంత అన్న గడప దగ్గర ఆగిపోతున్నాయి.

గిరుక్కున లోపలికొచ్చి తలుపు వేసేసింది.

"ఏమిటే ఈ పంతం?" భర్త తలుపు వైపు కదిలాడు.

"మీరు ముట్టుకోకండి." గొంతు పెంచింది. "గొళ్ళెం పెట్టలేదు! ఈ ఇంట్లో ఎవరి తలుపు వాళ్ళే తీసుకోవాలి. నీళ్ళు కావాలంటే రా!"

పాదాలు కదల్లేదు. ఆవిడ మళ్ళీ మిషను ముందు కూర్చుని ఆ సందు వైపే చూసింది. చాలాసేపటికి తలుపు కిర్రుమంది. మరిది లోపలికొచ్చి కూజా వంచుకున్నాడు. సగం నీళ్ళు నేలపాలు.

"నేలంతా తడిపావు, తుడువు," అని కసిరింది, పైటకొంగుతో కళ్ళొత్తుకుంటూ. "పని వెతుక్కోవడానికి వెళ్ళేటప్పుడు వీధి తలుపు చేరవెయ్యి. సాయంత్రం నువ్వే తీసుకుని రా."